నోరు తెరిపించే దేవుడు

(ఉప్పెన మృతుల స్మారకోపన్యాసం, బాపట్ల)



స్మారకోపన్యాసం అంటే మామూలుగా ఒక మనిషి పేరిట ఉంటుంది. ఇది 1977 నవంబరు 19, శనివారం నాటి ఉప్పెనలో పోయినవాళ్ళందరి పేరిట ఏర్పాటైంది. కృష్ణా, గుంటూరు తీరాల్లో ఆ రోజు సముద్రం ఐదారు మీటర్ల ఎత్తున ఊళ్ళమీదికి వచ్చింది. అధికారుల లెక్క పదివేల దగ్గర ఆగింది. అంతకంటే ఎక్కువేనని ఈ తీరంలో ఇప్పటికీ అంటారు. పోయినవాళ్ళలో చాలామందికి సమాధి లేదు, దహనం లేదు, కొందరికి పేరు చెప్పడానికి మిగిలిన మనిషి కూడా లేడు.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం విపత్తు తర్వాత దేవుడి సన్నిధి. నేను బోధకుణ్ణి కాను, పౌరాణికుణ్ణి కాను. పర్చూరు వైపు నల్లరేగడిలో పుట్టి, తెలుగు పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి. దేవుడు ఉన్నాడా లేడా అన్నది తేల్చే శక్తి నాకు లేదు. అయితే గుంటూరు, ప్రకాశం మైదానంలో గడిచిన నూటయాభై ఏళ్ళలో పెద్ద పెద్ద దుర్ఘటనలు జరిగాయి. వాటి తర్వాత దేవుడి పేరు చెప్పి మనవాళ్ళు ఏం చేశారో, ఎవరి నోరు మూయించారో, ఎవరిచేత మాట్లాడించారో చూడగలను. అది చూశాక నాకొక కొలత దొరికింది. దాన్ని ముందే మీ ముందు పెడతాను.

దేవుడు మీతో ఉన్నాడు అని దుఃఖంలో ఉన్నవాడికి ఎవరైనా చెప్పొచ్చు. ఆ మాట విన్నాక అతను అడగాల్సింది అడగగలుగుతున్నాడా, లేక అడగబోయింది మింగేస్తున్నాడా? మింగేస్తుంటే ఆ మాటలో దేవుడు లేడు. అడగగలుగుతుంటే, ఉన్నాడని నమ్మేవాళ్ళతో నాకు పేచీ లేదు.

1. కూలిన చర్చి

ఆ శనివారం ఇదే బాపట్ల పట్టణంలో, ఇళ్ళు నిలవవని భయపడి కొందరు ఒక చర్చిలోకి చేరారు. గోడలు గట్టివనుకున్నారు. దేవుడి ఇల్లనీ అనుకుని ఉంటారు. ఆ కట్టడం కూలిపోయింది. సుమారు వందమంది అక్కడే చనిపోయారు.

విపత్తులో దేవుణ్ణి వెతికేవాళ్ళు మొదట దాటాల్సిన గడప ఇది. ప్రార్థించినవాళ్ళు బతికారు, ప్రార్థించనివాళ్ళు పోయారు అనే కథ ఇక్కడ నిలబడదు. తుఫాను వెళ్ళాక బతికి బయటపడ్డవాడు దేవుడు నన్ను కాపాడాడు అంటాడు. అతని కృతజ్ఞతను నేను కాదనను. కానీ ఆ మాటే మైకులో సిద్ధాంతంగా చెబితే, చర్చిలో చనిపోయినవాళ్ళ పిల్లలు వింటున్నారని గుర్తుంచుకోవాలి. మా అమ్మను ఎందుకు కాపాడలేదు అని వాళ్ళు అడుగుతారు. సిద్ధాంతం చెప్పినవాడి దగ్గర దానికి జవాబు ఉండదు.

ఇది మన ఒక్కరి చిక్కు కాదు. 1755 నవంబరు 1, సర్వ పరిశుద్ధుల పండుగనాటి ఉదయం, పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో భూకంపం వచ్చింది. జనం చర్చిల్లో ఆరాధనలో ఉన్న వేళ. చర్చిలు ఆ జనం మీదే కూలాయి. నగరం పాపానికి ఇది శిక్ష అని కొందరు మతగురువులు ప్రకటించారు. ఆ శిక్ష కథనూ, లోకంలో జరిగేదంతా మంచికే అన్న తత్వాన్నీ రెంటినీ నిలదీస్తూ వోల్టేర్ ఒక దీర్ఘకవిత రాశాడు.

మన దేశంలో ఇంకా చిత్రమైన సంవాదం జరిగింది. 1934 జనవరి 15న బిహార్‌లో భూకంపం వచ్చి వేలమంది చనిపోయారు. అంటరానితనమనే పాపానికి దేవుడు వేసిన శిక్ష ఇది అని గాంధీజీ అన్నారు. అంటరానితనం పాపమే, అందులో రవీంద్రనాథ్ ఠాగూరుకూ భిన్నాభిప్రాయం లేదు. అయినా ఆయన ఒప్పుకోలేదు. ప్రకృతి ఉత్పాతానికి నైతిక కారణం అంటగట్టడం అశాస్త్రీయమని బహిరంగంగా రాశారు. గాంధీజీ దాన్ని తన పత్రిక హరిజన్‌లోనే అచ్చువేసి, తన నమ్మకాన్ని వదలకుండా జవాబిచ్చారు. ఇద్దరూ పెద్దవాళ్ళే. నేను మాత్రం ఇక్కడ ఠాగూరు వైపు నిలబడతాను. బిహార్‌లో గోడల కింద పడి చచ్చినవాళ్ళలో అంటరానివాళ్ళూ ఉన్నారు కదా. వాళ్ళ మీద జరిగిన పాపానికి వాళ్ళనే శిక్షించే న్యాయం ఏ దేవుడిది?

మన తీరానికే తిరిగి వద్దాం. 1990 మే 9న దాదాపు అంతే తీవ్రమైన తుఫాను ఇదే కోస్తాను తాకింది. ఈసారి చనిపోయినవాళ్ళు వెయ్యిలోపే. 1977లో ఉప్పెన దైవ నిర్ణయమైతే, పదమూడేళ్ళలో దేవుడు మనసు మార్చుకున్నాడనుకోవాలా? మధ్యలో మారింది ఇక్కడి ఏర్పాటు. తుఫాను షెల్టర్లు కట్టారు, హెచ్చరిక ముందుగా అందింది, లక్షమందికి పైగా జనాన్ని ముందే ఖాళీ చేయించారు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. చేలు మునిగాయి, మిరప తోటలు దెబ్బతిన్నాయి, కానీ ఉప్పెన నాటి శవాల గుట్టలు లేవు. అంతా ఆయన చిత్తం అని 1977లోనే అందరూ ఊరుకుని ఉంటే, 1990లో ఆ తేడా వచ్చేది కాదు. హెచ్చరిక ఎందుకు అందలేదని అడిగినవాళ్ళ వల్ల వచ్చింది.

2. ఈ నేలకు ఏడవడం తెలుసు

వివరణ చెప్పి దుఃఖాన్ని మూసేయడం పండితుల అలవాటు. మామూలు జనానికి ఇంకో దారి తెలుసు. వాళ్ళు దుఃఖాన్ని ఏటేటా తెరుస్తారు.

పల్నాట కారంపూడికి వెళ్ళండి. పన్నెండో శతాబ్దంలో పల్నాటి యుద్ధంలో సవతి అన్నదమ్ముల పక్షాలు నాగులేటి ఒడ్డున కొట్టుకుచచ్చిన చోటు అది. చరిత్రలో అదొక చిన్న రాజ్యం వినాశం. జనం మాత్రం అక్కడ చచ్చినవాళ్ళకు గుడి కట్టుకున్నారు, వాళ్ళ ఆయుధాలను పూజిస్తున్నారు. కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అంటూ ఆ విషాదాన్ని మొదటినుంచి చివరిదాకా మళ్ళీ నడిపిస్తారు. ఆనాటి మంత్రి బ్రహ్మనాయుడు పెట్టిన చాపకూటిని గుర్తుచేస్తూ కులం చూడకుండా ఒకే చాప మీద తింటారు. గెలిచినవాణ్ణి పొగిడే పండుగ కాదది. పోయినవాళ్ళ కథను ఊరు మర్చిపోకుండా పట్టుకున్న పండుగ.

పీర్ల పండుగ చూడండి. క్రీస్తుశకం 680లో కర్బలా ఇసుకలో దాహంతో చంపబడ్డ హుస్సేన్ కోసం మన ఊళ్ళలో సాయిబులతో పాటు హిందువులూ పీర్లెత్తుతారు, గుండం చుట్టూ తిరుగుతారు. పదమూడు వందల ఏళ్ళు దాటినా ఆ అన్యాయంతో సర్దుకుపోమని ఎవరూ అనలేదు. గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా మన పల్లె చర్చిల్లో సిలువ మీది ఏడు మాటల మీద ప్రసంగాలు సాగుతాయి. అందులో నాలుగోది, నన్నెందుకు విడిచిపెట్టావని తండ్రిని కొడుకు నిలదీసే మాట. దాన్ని సువార్త రాసినవాళ్ళు దాచలేదు.

యోబు గ్రంథం తెలిసినవాళ్ళు ఈ సభలో చాలామంది ఉన్నారు. పిల్లలు పోయి, ఆస్తి పోయి, బూడిదలో కూర్చున్న యోబు దగ్గరికి ముగ్గురు స్నేహితులు వచ్చారు. ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద మాట లేకుండా కూర్చున్నారు. అంతవరకూ మంచి స్నేహితులే. తర్వాత నోరు విప్పి వివరణలు మొదలుపెట్టారు. నువ్వేదో తప్పు చేసి ఉంటావన్నారు. యోబు మాత్రం దేవుడి మీదే ఫిర్యాదు చేశాడు. కథ చివర దేవుడు తప్పుపట్టింది ఆ స్నేహితుల్ని. తనను నిలదీసినవాడే సరిగా మాట్లాడాడన్నాడు. ఊరుకోవడం పరామర్శకు వచ్చినవాడి ధర్మం, మాట్లాడటం బాధపడ్డవాడి హక్కు. మనం ఈ రెంటినీ తారుమారు చేస్తున్నాం. పరామర్శకు వెళ్ళి ప్రసంగాలు చేస్తాం, ఏడ్చేవాణ్ణి ఊరుకోమంటాం.

దేవుడికి ఫిర్యాదు చేసే ఈ విద్యలో మన పాత గుంటూరు జిల్లాకు ఒక మహాకవి ఉన్నాడు. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువ. ఆయన 1941లో రాసిన గబ్బిలంలో గుడిలోకి రానివ్వని మనిషి తన గోడు కాశీ విశ్వనాథుడికి చెప్పి రమ్మని గబ్బిలాన్ని పంపుతాడు. మనిషికి లేని గుడి ప్రవేశం గబ్బిలానికి ఉంది కనక. ఆ మనిషి దేవుడు లేడని అనడు. నీ గుడి తలుపు దగ్గర నన్నాపినవాళ్ళ సంగతి నీకు తెలుసా అని అడుగుతాడు. నాస్తికుడికి ఆ కోపం అక్కర్లేదు. దేవుడు వింటాడన్న ఆశ మిగిలినవాడికే అక్కరకొస్తుంది.

3. కాలవ తవ్విన కరువు

ధాత కరువు గురించి మన తాతలు చెప్పుకునేవారు. 1876లో మొదలై 1878 దాకా మద్రాసు రాజధానిలో లక్షలమందిని మింగింది. ఒకపక్క జనం చస్తుంటే ఇంకోపక్క ధాన్యం రేవుల నుంచి ఎగుమతి అవుతూనే ఉంది. కరువు పనుల్లో కూలి తగ్గించి రోజుకు పౌను ధాన్యం లెక్కన సరిపెట్టమని, కరువు పర్యవేక్షణకు ప్రభుత్వం పంపిన రిచర్డ్ టెంపుల్ సిఫారసు చేశాడు.

ఆ కాలంలో ఒంగోలులో జె.ఇ. క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉన్నాడు. మత ప్రచారానికి రాకముందు సర్వే పని చేసినవాడు. బకింగ్‌హామ్ కాలవను కరువు పనిగా తవ్విస్తున్నారు. ఆ పనుల్లో తన మాదిగ విశ్వాసులు మేస్త్రీల చేతుల్లో తిట్లూ దెబ్బలూ తింటున్నారని తెలిసి, మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తానే తీసుకున్నాడు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. వేలమంది అక్కడికి చేరారు. చేసిన పనికి కూలి చేతికొచ్చింది. రాత్రిపూట గుడిసెల మధ్య బోధకులు కూర్చుంటే జనం వచ్చి అడిగేవారు, వినేవారు.

ఇంతవరకూ ఇది ఏ మిషన్ చరిత్రలోనైనా దొరికే కథ. నాకు ముఖ్యంగా తోచింది దాని తర్వాతి సంగతి. కరువు సాగినంతకాలం క్లౌ బాప్తిస్మాలు ఇవ్వలేదు. ఇస్తే కూటికోసం మతం మారారంటారని, అది నిజం కూడా కావచ్చని ఆయన భయం. సాయం చేసే చేతి కిందే బాప్తిస్మం పెట్టలేదు. కరువు తగ్గి, పంచడానికి ఏమీ లేనప్పుడు జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

దీన్ని కూటి క్రైస్తవం అని ఎగతాళి చేసినవాళ్ళున్నారు. ఆ ప్రశ్న అడగదగ్గదే. కానీ అడిగేవాళ్ళు వరసను చూడాలి. అన్నం ముందొచ్చింది, షరతు లేకుండా వచ్చింది. మతం తర్వాత వచ్చింది. అన్నం ఆగిపోయాక కూడా వచ్చారంటే వాళ్ళకు కాలవ గట్టున ఇంకేదో దొరికి ఉండాలి. తరాలుగా తమను పేరుపెట్టి పిలవని ఊరి పక్కన, కొట్టకుండా కూలి లెక్క చెప్పే మేస్త్రీ దొరికాడు. మా దేవుడు మీ మాట వింటాడని చెప్పినవాళ్ళు అంతకుముందే తాము విన్నారు. క్లౌ కంటే ముందే ఆ ప్రాంతంలో తిరిగి ప్రచారం చేసినవాళ్ళలో యర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ పెద్దలున్నారన్నదీ మర్చిపోకూడదు. ఆ జనం ఎవరో వచ్చి మార్చిన మట్టి ముద్ద కాదు.

అయితే నా కొలత ఇక్కడ కూడా పెట్టాలి. కాలవ గట్టున ఆ మనుషులు దేవుణ్ణి అడిగారు, మేస్త్రీని అడిగారు. రేవులో ధాన్యం ఓడలెందుకు కదులుతున్నాయని దొరతనాన్ని మాత్రం అడగలేదు. వాళ్ళకు తోడున్న మిషన్ కూడా ఆ ప్రశ్న దాకా వెళ్ళలేదు. నోరు సగమే తెరుచుకుంది. మిగతా సగం తెరుచుకోవడానికి వందేళ్ళకు పైగా పట్టింది.

4. తెరిచిన ఆవరణలు

1985 జులై 17. ప్రకాశం జిల్లా కారంచేడు. మా పర్చూరుకు పక్క ఊరు. మాదిగలు తాగే చెరువు నీటిని ముందురోజు అగ్రకుల యువకులు మురికి చేస్తుంటే ఒకరు వద్దన్నారు. కొట్టబోతే ఒక మాదిగ యువతి బిందె ఎత్తి అడ్డుకుంది. మర్నాడు పొద్దున పల్లె మీద దాడి జరిగింది. ఆరుగురు మాదిగలు చనిపోయారు. ఆడవాళ్ళ మీద అత్యాచారాలు జరిగాయి. బతికినవాళ్ళు పొలాలకు అడ్డంపడి చీరాల చేరారు. అక్కడ చర్చి ఆవరణలో తలదాచుకున్నారు.

ఆరేళ్ళకు, 1991 ఆగస్టు 6న, గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపి, కొందరి శవాలను గోనెసంచుల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్‌లో పడేశారు. బతికినవాళ్ళు తెనాలి వచ్చి సాల్వేషన్ ఆర్మీ ఆవరణలో ఉన్నారు.

రెండుచోట్లా ఒకటే జరిగింది. కట్టుబట్టలతో వచ్చిన జనానికి చర్చి గేటు తెరిచారు. గంజి కాచారు, గాయాలు కట్టారు. చుట్టాలే భయపడి తలుపేసుకునే రోజుల్లో అది చిన్న పని కాదు. కానీ అక్కడితో ఆగి ఉంటే ఆ ఆవరణలు కూడా శరణార్థి శిబిరాలుగానే మిగిలేవి. ఊరికి వెళ్ళి రాజీపడండి, దేవుడు చూసుకుంటాడు, పగ తీర్చుకోవడం ఆయన పని అనే సలహాలకు అప్పుడు కొదవ లేదు. ఆ జనం వినలేదు. కారంచేడు మాదిగలు ఊరికి తిరిగి వెళ్ళం అన్నారు, చీరాలలోనే విజయనగర్ కాలనీ కట్టుకున్నారు. చీరాల శిబిరం చుట్టూ చేరిన ఉద్యమం నుంచి కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటివాళ్ళ నాయకత్వంలో దళిత మహాసభ పుట్టింది. ఆ రోజుల్లో హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాదిగా ఉన్న తారకం కారంచేడుకు నిరసనగా ఆ పదవి వదిలేశారు. 1989లో వచ్చిన అత్యాచారాల నిరోధక చట్టం వెనక కారంచేడు కూడా ఉంది.

చుండూరు వాళ్ళు ఇంకో అడుగు వేశారు. తమవాళ్ళ శవాలను ఊరవతల పాతిపెట్టడానికి ఒప్పుకోలేదు. ఊరి నడుమ సమాధులు కట్టి రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. విచారణకు ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు కావాలని పట్టుబట్టి సాధించారు. ఆ ఊళ్ళోనే, చంపినవాళ్ళుగా తాము చెబుతున్నవాళ్ళ ఎదురుగా నిలబడి ఆడవాళ్ళూ కూలీలూ సాక్ష్యం చెప్పారు. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. అప్పీళ్ళు సుప్రీంకోర్టుకు వెళ్ళాయి. కారంచేడు కేసు సుప్రీంకోర్టులో 2008 డిసెంబరుకు గానీ తేలలేదు. ఇరవై మూడేళ్ళు.

ఇన్ని చెప్పాక దేవుడెక్కడ అని మీరడగొచ్చు. తీర్పులో ఉన్నాడంటే 2014లో ఏమయ్యాడని అడుగుతారు. గేటు తెరవడంలో ఉన్నాడంటే అది సగం మాట. ఆ ఆవరణల్లో ఆదివారం ప్రార్థనకు మోకరించిన మనిషే సోమవారం ధర్నాలో కూర్చున్నాడు. ప్రార్థన అతన్ని చల్లబరచలేదు, కూర్చోబెట్టింది. దేవుడి పేరుతో ఈ మైదానంలో జరిగిన పనుల్లో అంతకంటే గట్టి రుజువు నాకు కనబడలేదు. సన్నిధి ఓదార్పుతో మొదలవ్వొచ్చు, కానీ నిలబెట్టి మాట్లాడించాకే అది సన్నిధి అని తెలుస్తుంది.

5. చిలకలూరిపేట బస్సు

ఈ కొలత మనకిష్టమైన చోట పనిచేసి, ఇష్టం లేని చోట చేతులెత్తేస్తే అది కొలతే కాదు. కాబట్టి ఒక కష్టమైన సంగతి.

1993 మార్చి 8 తెల్లవారుజామున హైదరాబాదు నుంచి చిలకలూరిపేట వస్తున్న బస్సులో ఇద్దరు దళిత యువకులు దోపిడీకి పూనుకుని పెట్రోలు చల్లారు. మంట అంటుకుంది. 23 మంది కాలిపోయారు. యువకులిద్దరికీ ఉరిశిక్ష పడింది, సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 1997 మార్చి 29న ఉరి అని తేదీ కూడా పెట్టారు. పౌరహక్కుల సంఘాలు, దళిత సంఘాలు, మహాశ్వేతాదేవి వంటి రచయితలు కదిలారు. చివరి గంటల్లో ఉరి ఆగింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దాన్ని యావజ్జీవంగా మార్చారు.

ఆ ఇద్దరి ప్రాణం కోసం మాట్లాడటం సరైన పనే అని నా నమ్మకం. అదే కాలంలో కారంచేడు, చుండూరు నిందితులకు ఉరి మాట కాదుకదా, కేసులే చివరిదాకా తేలలేదు. పేదవాడి నేరానికి ఉరి, పెద్దవాడి నేరానికి వాయిదా అనే లెక్కను ప్రశ్నించకుండా ఉండలేం. కానీ బస్సులో కాలిపోయిన 23 మంది ఇళ్ళవాళ్ళను ఆ వాదంలో ఎవరు కూర్చోబెట్టారు? క్షమ గురించి మాట్లాడినవాళ్ళు వాళ్ళ గుమ్మం తొక్కారా? తొక్కినవాళ్ళు ఉంటే నమస్కారం. మన ప్రసంగాల్లో మాత్రం ఆ ఇళ్ళు లేవు.

క్షమించాల్సింది నష్టపోయినవాడు. వాడి తరఫున మనం క్షమించేస్తే వాడి నోరు మూసినట్టే. ప్రభుత్వం ఉరి ఆపవచ్చు, ఆపాలి కూడా. ఆ కారుణ్యానికీ, బిడ్డను పోగొట్టుకున్న తల్లి కోపానికీ ఒకే సభలో కుర్చీలు వెయ్యగలిగినప్పుడు అక్కడ దేవుడి ఊసెత్తవచ్చు. ఒక కుర్చీ తీసేసి రెండోదానికి పూలదండ వేస్తే అది రాజకీయం. మంచి రాజకీయమే కావచ్చు.

6. గుంపు లేని విషాదం

ఉప్పెనకు గుంపు ఉంది. కారంచేడుకు శిబిరం ఉంది. మన నల్లరేగడిలో ఇంకో విషాదానికి గుంపు లేదు. అది ఒక్కో ఇంట్లో ఒక్కో రాత్రి జరుగుతుంది.

పత్తి ఈ నేలకు తెల్ల బంగారం అన్నారు. 1980లలో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వచ్చాయి. మొదట పురుగు చచ్చింది, దిగుబడి పెరిగింది. వారానికోసారి కొట్టారు, తర్వాత రెండుసార్లు, తర్వాత రెండు మందులు కలిపి కొట్టారు. పురుగును తినే మిత్రపురుగులు చచ్చాయి. తెల్లదోమ విరుచుకుపడింది. శనగపచ్చ పురుగు మందుకు లొంగడం మానేసింది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు అదే మందు తాగి చనిపోయారు. దేశం రైతుల ఆత్మహత్యల గురించి మాట్లాడటం నేర్చుకున్నది పదేళ్ళ తర్వాత, వరంగల్ వైపు నుంచి వార్తలు వచ్చాక. పత్తి తర్వాత మిరపకు మళ్ళారు. 2021-22లో నల్లతామర పురుగు పూత మీద పడి మిరపను తినేసింది. పెట్టుబడి ఎకరాకు పత్తి కంటే ఎంతో ఎక్కువ, కౌలు వేరే.

ఈ చావుల తర్వాత మన గుళ్ళూ చర్చిలూ మసీదులూ ఏం చేస్తున్నాయి? కర్మకాండకు వస్తాం. సమాధి దగ్గర ప్రార్థన చేస్తాం. తొందరపడ్డాడు, ధైర్యం లేదు, ఆడపిల్లను ఒంటరిని చేశాడు అంటాం. అంటే చచ్చినవాడి మీదే తీర్పు. కొన్నిచోట్ల ఆత్మహత్య మహాపాపం అని మైకులో చెబుతాం, ఇంటిల్లిపాదీ వింటుండగా. ఆ మాటతో ఆ ఇంటి నోరు మూతపడుతుంది. అప్పెంత, ఎవరికి, నోటు మీద ఎంత రాయించుకున్నారు, ఏ మందు అంటగట్టారు, కౌలు ఏ నెలలో కట్టమన్నారు అనేవి ఇక ఎవరూ అడగరు.

ఆ ఇంటికి కావలసిన మొదటి సాయం మాట కంటే కాగితం. 2004లో వచ్చిన జీవో 421 పెట్టిన పద్ధతి ప్రకారం ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ అధికారి కలిసిన కమిటీ వచ్చి అది రైతు ఆత్మహత్యేనని తేలిస్తేనే పరిహారం. పట్టా పాసుపుస్తకం, అప్పు రుజువులు, పోస్టుమార్టం నివేదిక కావాలి. కౌలు రైతుకు పాసుపుస్తకం ఉండదు, కౌలు నోటిమాట మీద నడుస్తుంది, అప్పు ప్రైవేటు నోటు మీద ఉంటుంది. కౌలుదారుకు కార్డు ఇవ్వడానికి 2011లో ఒకటి, 2019లో ఒకటి చట్టాలు వచ్చాయి. 2019 చట్టం కింద భూస్వామి సంతకం పెట్టనంటే కార్డు రాదు. ఇక చచ్చినవాడు రైతే కాడని రికార్డు చెబుతుంది. పొలం దున్నినవాడికి చచ్చాక కూడా రైతని పేరు దక్కదు.

ఆ పొలం యజమాని ఏ కమిటీ సభ్యుడు? చాలా ఊళ్ళలో గుడి కమిటీ సభ్యుడు, చర్చి పెద్ద, మసీదు ముతవల్లి. ఈ మాట అనేటప్పుడు నాకు ఎవరిమీదా కోపం లేదు. మందిరంలో పక్కన కూర్చునే మనిషి ఒక్క సంతకం పెడితే ఒక విధవరాలు పిల్లల్ని బడికి పంపగలదు. ఆ సంతకాన్ని అడిగే ధైర్యం ఆదివారం ప్రసంగానికి ఉందా, శనివారం భజనకు ఉందా, శుక్రవారం బయానుకు ఉందా? ఉంటే దేవుడి సన్నిధి గురించి పెద్ద ఉపన్యాసాలు అక్కర్లేదు.

7. మనం చేయదగ్గది

స్మారకోపన్యాసం వినడానికి వచ్చినవాళ్ళను ఉత్తచేతులతో పంపకూడదు. మూడు పనులు అడుగుతాను.

ఒకటి, పరామర్శకు వెళ్ళినప్పుడు మొదటి రోజున కారణం చెప్పొద్దు. కర్మ అనొద్దు, పరీక్ష అనొద్దు, ఆయనకు ఇష్టమైనవాళ్ళనే ముందు పిలుచుకుంటాడని అసలే అనొద్దు. కూర్చోండి. అన్నం వండించండి. యోబు స్నేహితుల మొదటి ఏడు రోజులు చాలు, ఎనిమిదో రోజు వద్దు.

రెండు, సంవత్సరీకాలు జరిపేటప్పుడు వేదిక మీది కుర్చీల్లో కనీసం సగం పోగొట్టుకున్నవాళ్ళకు వెయ్యండి. నవంబరు 19న ఇక్కడ ఉపన్యాసకుడు గంటసేపు మాట్లాడతాడు, తల్లినో తమ్ముణ్ణో పోగొట్టుకున్న మనిషి ఐదో వరసలో వింటాడు. వచ్చే ఏడాది దీన్ని తిరగెయ్యండి. వాళ్ళు ఏడుస్తారు, తిడతారు, కొందరు దేవుణ్ణే తిడతారు. అడ్డుపడకండి. కారంపూడిలో, పీర్ల చావిడిలో, గుడ్ ఫ్రైడే మధ్యాహ్నంలో మన పెద్దలు అందుకు చోటు ఉంచారు.

మూడు, ప్రతి ఊళ్ళో గుడి, చర్చి, మసీదు కలిసి ఒక మనిషిని పెట్టండి. పురుగుమందు తాగిన రైతు ఇంటికి మర్నాడే వెళ్ళి కాగితాలు చూసే మనిషి. పోస్టుమార్టం అయిందా, అప్పు నోట్లు ఎక్కడున్నాయి, కౌలు ఎవరి దగ్గర, ఆర్డీవో ఆఫీసుకు అర్జీ పోయిందా. ఆ మనిషికి బైకూ పెట్రోలూ మందిరాల హుండీల నుంచి ఇవ్వండి. హుండీలో వేసినవాళ్ళు కాదనరు.

ఇవి చేశాక దేవుడు ఆ ఇంట్లో ఉన్నాడో లేడో మనం ప్రకటించనక్కర్లేదు. ఉంటే ఆ ఇంటివాళ్ళే చెబుతారు. లేడంటే ఆ మాటనూ వినాలి. అడిగే హక్కు వాళ్ళదైనప్పుడు, జవాబు చెప్పే హక్కు కూడా వాళ్ళదే.